పూసలకంప వేరు

దేవదానం మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళని ఎప్పుడు పట్టుకుని మందారాన్ని వర్ణించమన్నా సరే, వేరు దగ్గర మొదలుపెట్టి కాయ దగ్గర ఆపుతారు. మధ్యలో ఒక్క మెట్టు తప్పరు. వేరు, కాండం, ఆకు, పుష్పవిన్యాసం, పువ్వు, ఫలం. ఆకు అంటే మళ్ళీ తొడిమ ఉందా లేదా, కణుపుకి ఒకటా రెండా, అండాకారమా బల్లెపాకారమా, అంచు నునుపా రంపమా, ఈనెలు వలలా అల్లుకున్నాయా పక్కపక్కనే సాగాయా. "చూసినోడికి చూపిచ్చేది వర్ణన గాదురా. చూడనోడి కండ్ల ముందర చెట్టును నిలబెట్టేది వర్ణన" అనేవారాయన. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు అక్షరాలా జరుగుతుందని ఆయనా అనుకోలేదు, ఆయన శిష్యులూ అనుకోలేదు.

జరిగింది మరి. కడప జిల్లాలో, గొడుగుకొండ కింద ఉన్న విత్తన పరిశోధన కేంద్రంలో 'వర్ణని' అనే యంత్రం పనిలోకి వచ్చింది. భూమ్మీద లేకుండా పోయిన మొక్క ఎండురెమ్మ ఎండుమొక్కల్ని దాచే ఏ హెర్బేరియంలోనో అట్ట మీద అతికించి ఉంటుంది కదా, అందులోంచి గోరంత ముక్క తీసి దానికి ఇస్తారు. ఎండిన కణాల్లో వారసత్వపు రాత చెదలు తిన్న పుస్తకంలా సగం పోయి ఉంటుంది. పోయిన సగాన్ని ఆ యంత్రం మొక్క వర్ణన విని పూరించుకుంటుంది. మాట ఉన్నచోట మాట వింటుంది. మాట లేనిచోట కణంలో ఏది మిగిలితే దాన్ని వింటుంది. ఆ తర్వాత గింజ కడుతుంది. ఆ గింజలతోనే చుట్టుపక్కల బోడికొండలన్నీ మళ్ళీ పచ్చబడుతున్నాయి. వర్ణనలు రాసినవాళ్ళూ, వాటిని సరిచూసి యంత్రానికి వినిపించేవాళ్ళూ చాలామంది మాస్టారి శిష్యులే. కేంద్రానికి అధిపతి ఖాదర్‌వలీ ఆయన శిష్యుడు. వర్ణనల విభాగం చూసే సలోమి శిష్యురాలే కాదు, స్వయానా ఆయన కోడలు. ఆమె భర్త విజయపాల్ కరెంటాఫీసులో ఇంజనీరు. ఆకుల్లో అతనికి తెలిసింది కరివేపాకు ఒక్కటే.

మాస్టారు బతుకంతా వేల మొక్కల్ని వర్ణించారు గానీ, లోకానికి తెలియని కొత్త మొక్కని కనిపెట్టింది మాత్రం ఒక్కసారే. పెళ్ళయిన కొత్తలో గొడుగుకొండ ఎక్కినప్పుడు, నల్లటి పరుపుబండ మీద ఒకే ఒక్క పొద కనిపించింది. తెల్లపూసల్లాంటి కాయలు. ఒక్క రెమ్మ కోసుకొచ్చి, పూసలకంప అని పేరు పెట్టారు. మరుసటేడు కొండకి నిప్పంటుకుంది. ఆ పొద మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి, నీటికాసులు వచ్చి చూపు పోయింది. భార్య సుగుణమ్మ పోయి చాలాకాలమైంది. ఇంకేమీ అడగని మనిషి, పూసలకంపని ఇంకొక్కసారి చేత్తో తడమాలని మాత్రం అడిగారు. సలోమికి అది తన తండ్రి అడిగినట్టే అనిపించింది.

ఆ వర్ణనని యంత్రానికి ఆయనే స్వయంగా చెప్పాలని ఖాదర్‌వలీ పట్టుపట్టాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మాస్టారు గొంతు సవరించుకుని, క్లాసులో చెప్పినట్టే చెప్పారు.

"వేరు: తల్లివేరు, శాఖలు గలది. కాండం: నిటారు, చేవ గలది, కణుపుల దగ్గర ఉబ్బు. ఆకు: సరళం, ఏకాంతరం, పొట్టి తొడిమ, అండాకారం, అంచు నునుపు, కింది వైపు తెల్లని నూగు..."

నూగు అన్నప్పుడు ఆయన వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. చుట్టూ నిలబడ్డ పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు పసిపిల్లల్లా పెదవులు కదుపుతూ ఆయనతో పాటు చెప్పారు. రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం, చివరికి టెంకగల ఫలం, గుండ్రం, తెలుపు. అంతా అయ్యాక ఖాదర్‌వలీ కళ్ళు తుడుచుకుని, "సార్, ఇప్పుడన్నా నాకు ఫస్ట్‌క్లాసు మార్కులేస్తారా?" అన్నాడు. "చెట్టు లేవనీ, చూస్తాం" అన్నారు మాస్టారు.

చెట్టు లేచింది. ఆయన పొట్టి తొడిమ అన్నారు, పొట్టి తొడిమే వచ్చింది. ఉబ్బు అన్నచోట ఉబ్బింది. లేత ఆకు తిరగేస్తే అడుగున తెల్లని నూగు. దీపాల వెలుగులో తొందరపెట్టి పెంచితే ఏడాది తిరగకుండానే మొగ్గ వేసింది. ఆ రోజు మాస్టారి అరచేతిలో మొదటి పువ్వు పెట్టింది సలోమే. ఆయన దాన్ని చిటికెనవేలితో తడిమారు, రెక్కలు లెక్కపెట్టుకున్నారు, వాసన చూశారు. "ఇదేనమ్మా" అన్నారు. కేంద్రంవాళ్ళు ఇంట్లో పెట్టుకోమని ఒక మొక్కని కుండీలో ఇచ్చి పంపారు. పొద్దున లేస్తే ప్రార్థన, ప్రార్థన అయితే కుండీ. విజయపాల్ నవ్వేవాడు, "నేను పుట్టినప్పుడు గూడా మా నాయన ఇంత మురిసిపోలేదంట" అని.

ఎండాకాలం మొదట్లో కేంద్రంలో ఒక మొక్క వాలిపోయింది. తర్వాత దాని పక్కది. ఎరువు వేశారు, నీడ కట్టారు, తెగులేమోనని మందు కొట్టారు. ఎంత పెట్టినా తిండి లేనిదాన్లాగే పాలిపోయి చచ్చిపోయాయి. చచ్చినవాటిని పీకి చూస్తే రోగమేమీ లేదు. ఆకు రాసినట్టే ఉంది, కాండం రాసినట్టే ఉంది, వేరు కూడా రాసినట్టే తిన్నగా, శుభ్రంగా ఉంది. అన్నీ రాసినట్టే ఉన్నాక తప్పెక్కడని వెతుకుతారు? ఆ ఎండురెమ్మ ముక్క ఇంకొక్కసారి గింజ కట్టడానికి సరిపడా మాత్రమే మిగిలింది. అదీ పోతే పూసలకంప మళ్ళీ లేనట్టే.

సలోమికి పాలుపోక, ఖాదర్‌వలీని వెంటబెట్టుకుని కొండెక్కింది. మాస్టారు చెప్పిన పరుపుబండ అక్కడే ఉంది. దాని మీద పల్చగా మన్ను, బోదగడ్డి, రెండు కలిమి పొదలు. ఖాదర్‌వలీ గునపం వేశాడు. ఠంగుమంది. ఇంకోచోట వేశాడు. మళ్ళీ ఠంగుమంది.

"జానెడు మన్ను గూడా లేదు గదా సలోమీ. దీంట్లో తల్లివేరు యాడికి దిగింటాది?"

సలోమి ఆ బండ మీదే కూర్చుండిపోయింది. పూసలకంప బంధువుల్లో సొంతవేరుతో బతికే మొక్కలున్నాయి. పక్కచెట్టు వేరుని పట్టుకుని, దాని పాలు తాగి బతికేవీ ఉన్నాయి. ఇది ఆ రెండో జాతిదే అయితే, తల్లివేరు ఇచ్చి దాన్ని కుండీలో ఒంటరిగా నిలబెట్టడమంటే చేతులు కట్టేసి విస్తరి ముందు కూర్చోబెట్టడమే.

"మాస్టారు చూడకుండా రాసినారంటావా?" అంది చివరికి.

"నువ్వు ఎన్ని వర్ణనలు రాసినావు?"

"వందల్లో."

"ఎన్నిటికి తవ్వినావు?"

మర్నాడు కేంద్రంలో అందరినీ కూర్చోబెట్టి ఖాదర్‌వలీ అదే ప్రశ్న వేశాడు. "వేరు తవ్వి, చూసి రాసినోళ్ళు చెయ్యెత్తండి." ముందు నవ్వులు లేచాయి. పరీక్షలో పూలకొమ్మ చేతికిస్తారు, వేరుతో సహా చెట్టునెవడిస్తాడు? అడవిలో రెమ్మ కోసుకోనిస్తేనే గొప్ప. అయినా వేరు గడి ఖాళీగా వదిలితే వర్ణన అసంపూర్ణమంటారు. గింజకి రెండు బద్దలుంటే తల్లివేరు, ఒక బద్దయితే పీచువేరు. అందరూ అట్లాగే రాశారు, అందరికీ మార్కులొచ్చాయి. నవ్వులు నెమ్మదిగా ఆగిపోయాయి. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అందరికీ కిటికీలోంచి ఎదురుగా పచ్చగా ఉన్న కొండలు కనిపిస్తున్నాయి.

ఇంటికి పోయి మామకి ఏం చెప్పాలి? కేంద్రంలో ఒక్క మొక్కా మిగల్లేదన్న సంగతే సలోమి ఇంకా చెప్పలేదు. కడుపులోనే దాచుకుంది. వసారాలో కుండీ పక్కన పీట వేసుకుని మాస్టారే కదిలించారు.

"దీనికి నీళ్ళు పెడ్తాండారా, లేదా?"

"పెడ్తాండాం మామా."

"మరి నూగు రాల్తాంది. ఆకు మెత్తబడింది. ఆకలిగొన్న బిడ్డ చెయ్యి మాదిరి ఉండాది. సెంటర్లోయి ఎట్ల ఉండాయి?"

"బాగుండాయి మామా" అని వంటింట్లోకి పోయింది.

వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "సలోమీ, నాకు పోయింది చూపు. చెవులు గాదు. నువ్వు అబద్ధం చెప్తే గిన్నెలు గట్టిగా కడుగుతావు."

ఆమె చేతిలో గిన్నె వదిలేసి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. అన్నీ చచ్చిపోయాయని చెప్పింది. కొండ మీద బండ సంగతి చెప్పింది. చెప్పి, అడగకూడనిది అడిగింది.

"మామా, ఆ రోజు వేరు తవ్వి చూసినారా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. "నన్నా అడుగుతాండావు? ఎవరికి పాఠం చెప్తాండావు నువ్వు? రెండు బద్దల గింజ, వల ఈనెలు. దానికి తల్లివేరు గాకుంటే ఇంకేముంటాది?"

ఆయన చెప్పిన దాంట్లో చూశానన్న మాట లేదు. అది ఆమెకి తెలిసింది. ఆమెకి తెలిసిందని ఆయనకీ తెలిసింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. విజయపాల్ బతిమాలాడు, కసిరాడు, చివరికి భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఆయన కాలం దగ్గరపడిన మనిషి. నీ సైన్సు రెండేండ్లు ఆగలేదా? చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అతని మాటలో న్యాయం లేదని ఆమె అనలేకపోయింది.

మరుసటిరోజు సాయంత్రం కేంద్రం నుంచి వచ్చేసరికి వసారా నిండా మన్ను. కుండీ పక్కకి పడి ఉంది. మాస్టారు నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో పూసలకంపని పడుకోబెట్టుకున్నారు. భూమ్మీద మిగిలిన ఆఖరి మొక్క అదే.

"మామా! ఎంత పని చేసినారు!"

"ఇట్ల రా. చెయ్యియ్యి."

ఆమె వేళ్ళు పట్టుకుని వేరు వెంట పైనుంచి కిందికి నడిపించారు. నున్నగా, తిన్నగా, చివరికంటా సన్నబడుతూ పోయింది. అక్కడక్కడా సమానంగా పిల్లవేర్లు. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టుంది.

"పొద్దుటినుంచి తడుముతాండా. ఎంత ముచ్చటగా ఉండాదో చూడు. ఒక వంకర లేదు. రాయి తగిలిన గుర్తు లేదు. బండమీద పుట్టిన చెట్టుకి ఇట్లాంటి వేరు ఉంటాదా తల్లీ?" వేరు కొసని వేళ్ళ మధ్య పట్టుకున్నారు. "ఇది నేను రాసిన వేరు. దానిది గాదు."

సలోమి ఏడ్చింది. ఆయన ఏడవలేదు. మొక్కని మెల్లగా పక్కన పెట్టి, చేతులకంటిన మన్ను దులుపుకున్నారు.

"ఆ పొద్దు అది ఒగటే ఉండింది. పెరికితే పోతాదని వదిలేసినా. వదిలినందుకు నాకు బాధ లేదు. పెరికి చూసినట్ల రాసినందుకే."

మర్నాడు ఆయనే కేంద్రానికి తీసుకుపొమ్మన్నారు. ఆఖరి ముక్క గాజుపలక మీద సిద్ధంగా ఉంది. వర్ణనలో ఒక్క గడి మాత్రమే మార్చాలి. ఖాదర్‌వలీ రాత్రంతా ఆలోచించినట్టున్నాడు, రాగానే అందుకున్నాడు.

"సార్, పరాన్నవేరు అని రాద్దాం. పక్క వేర్లను పట్టుకునేది. దీని బంధువుల్లో ఉండాది, బండ కూడా అదే చెప్తాంది."

"చూసినావా?"

"లేదు సార్."

"నేను గూడా లేదు. రెండు బద్దలు చూసి తల్లివేరు అన్నా నేను. బండ చూసి పరాన్నవేరు అంటాండావు నువ్వు. నీకూ నాకూ తేడా ఏంది?"

"ఖాళీగా వదిలితే కణంలో మిగిలిందాన్నే నమ్ముకోవల్ల సార్. వేరు రాత పూర్తిగా పోయింటే అసలు వేరన్నదే రాదు. గాలిలో దీపం మాదిరి. ఇంకో ముక్క గూడా లేదు."

అది మళ్ళీ పోతే మాస్టారి చేత్తోనే పోయినట్టు. ఆ సంగతి ఆయనకి తెలియదా!

"తెలుసు ఖాదర్" అన్నారు. "నేను చెప్పిన మాట విని ఒకసారి చచ్చింది. ఈసారి దాని మాటేదో దాన్నే చెప్పనీ. సలోమీ, రాయి. వేరు: చూడలేదు."

ఇన్నేళ్ళలో ఆ రెండు ముక్కలు ఏ వర్ణనలోనూ ఎవరూ రాయలేదు. సలోమి రాసింది. కింద సంతకం పెట్టాల్సిందీ ఆమే. పెట్టింది.

కట్టిన గింజల్లో ఒక్కటే మొలిచింది. కొండమీదినుంచి తెచ్చిన మన్నులో, బోదగడ్డికీ ఒక కంది మొక్కకీ మధ్య దాన్ని నాటారు. మొదట పసుపుపచ్చగా, ఇవాళో రేపో అన్నట్టుండేది. రోజూ పొద్దున్నే సలోమి పోయి చూసి, మామకి ఫోను చేసి "ఉండాది" అనేది. ఆయన "ఊఁ" అనేవారు. అంతకంటే మాటలుండేవి కావు. వానలు పడ్డాక ఒకరోజు లేత ఆకు విచ్చుకుంది. తిరగేస్తే అడుగున తెల్లని నూగు. పక్కనున్న కంది మాత్రం కాస్త పాలిపోయింది.

ఆ ఆకు తడమడానికి మాస్టారిని తీసుకొచ్చిన రోజు ఖాదర్‌వలీకి మనసాగలేదు. చిన్న తవ్వుకోల పట్టుకొచ్చాడు. "ఒక పక్క రవ్వంత మన్ను తీసి చూద్దాం సార్. పట్టుకుందో లేదో తేలిపోతాది. ఆ గడిలో ఒక మాట రాసుకోవచ్చు."

"పసిబిడ్డ పాలు తాగుతాంటే నోరు తెరిచి చూస్తావా రా?" అన్నారు మాస్టారు. "పోనీయ్. బతకనీ."

ఖాదర్‌వలీ తవ్వుకోల తీసుకుపోయి కొట్టంలో పెట్టేశాడు.

ఆ మొక్క బతికింది గానీ, చూడలేదు అన్న మాట అక్కడితో ఆగలేదు. వర్ణని చేతుల మీదుగా గింజ కట్టిన మొక్కలు ఎన్నో కొండల మీద నాటి ఉన్నాయి. వాటి వేర్లు ఎవరి మాటవి? కేంద్రంవాళ్ళు నాట్లన్నీ ఆపించారు. పాత వర్ణనలు రాసినవాళ్ళంతా చూసిందేదో, చూడనిదేదో ఒప్పుకోవాలన్నారు. ఊరూరి నుంచి శిష్యులు ఫోన్లు చేశారు. కొందరు ఏడ్చారు. ఒకాయన మాత్రం "పెద్దాయన నోరు మూసుకుని ఉంటే ఈ తద్దినం మనకుండేదా? మా పరువు తీసినాడు" అని సలోమితోనే అన్నాడు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. గిన్నెలు మెల్లగా కడుక్కుంది.

మాస్టారి వర్ణనలు పెద్ద కట్ట. వసారాలో ఆయన పీట మీద, ఆమె చాప మీద. ఆమె ఒక్కో పేరు చదువుతుంది, ఆయన చెబుతారు.

"కొండగోగు. తల్లివేరు అని ఉండాది మామా."

"చూడలేదు. కొట్టెయ్."

"చిట్టిజాన."

"చూడలేదు."

"రాతిమొల్ల."

"లేదమ్మా."

ఎండ వాలిపోతోంది. కొట్టేసే ఎర్రగీతలు పెరిగిపోతున్న కొద్దీ ఆయన భుజాలు కుంగిపోతున్నాయి. విజయపాల్ టీ తెచ్చి, తండ్రిని చూసి, అక్కడ నిలబడలేక లోపలికి పోయాడు. "ఇంక చాలు మామా, రేపు చూద్దాం" అంది సలోమి. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె ఇంకొకటి తీసింది.

"వంకగడ్డ. దుంపవేరు అని ఉండాది."

ఆమె ఎర్రకలం ఎత్తింది.

"ఆగు" అన్నారు. "ఆగు తల్లీ. ఇది... ఇది చూసినా."

"నిజంగానా మామా?"

"ముసురు పట్టి వంక పొర్లింది. ఒడ్డు విరిగి పడితే వేరు బయటికొచ్చి ఏలాడ్తాంది. నేను ఒడ్డున నిలబడి సంశయిస్తాండా. మీ అత్త చీర ఎగ్గట్టి దిగేసింది. బురద తన కొంగుతోనే తుడిచి, చూడుపో నీ వేరు అనింది." ఆయన రెండు చేతులూ గాలిలోకి లేచాయి. వేళ్ళు ఏదో పట్టుకున్నట్టు గుండ్రంగా ముడుచుకున్నాయి. "కదురు ఆకారం. రెండు కొసలా సన్నం, నడుమ లావు. తోలు ఊదా, గీరితే లోపల పాలతెలుపు. మెడ దగ్గర ముడతలు. కొసన పిల్లవేర్లు, కుడిపక్కకే ఎక్కువ, ఎడమపక్క రాయి ఉండింది గాబట్టి. రాసుకుంటాండావా?"

"రాసుకుంటాండా మామా."

"అంతా రాసుకో. ఒక్క మాట గూడా పోనీయొద్దు. అది నేను నా కండ్లతో చూసినా."